కాటా మలుపులో తెల్లబట్టలావిడ

ఊరు దాటాక పాత కాటా మలుపు ఉంది చూశారూ, రాత్రిపూట దాని పేరెత్తితే చాలు, టాక్సీ స్టాండులో కబుర్లు ఆగిపోతాయి. ఎవడో ఒకడు దగ్గుతాడు. ఇంకొకడు మాట మారుస్తాడు.

ఒకప్పుడు అక్కడ లారీలు తూకం వేసేవాళ్లు. ఇప్పుడు కాటా లేదు, లారీలూ లేవు. రోడ్డు కుడికి తిరిగే చోట, సరిగ్గా ఎదురుగా, ఒక్క గది మిగిలింది. తలుపుకి తాళం. ముందువైపు నిలువెత్తు అద్దం. మామూలుగా ఖాళీ గదికి అద్దం ఉంటే పిల్లకాయలు ఊరుకుంటారా? ఈ అద్దం మీద మాత్రం ఇన్నేళ్లలో ఒక్క రాయి పడలేదు. అంత భయం దానంటే.

ఏమంటారంటే... ఆ గదిలో తూకాలు చూసే ఆవిడ ఓ రాత్రి బయటికొచ్చిందట. వస్తున్న లారీ లైట్లు మొహం మీద కొట్టాయి. కళ్లు చెదిరి, ఎటు కదలాలో తెలీక రోడ్డు మీదే నిలబడిపోయింది. అంతే... అక్కడే పోయింది. అప్పట్నుంచీ ఆవిడకి వెలుగంటే పడదు. లైట్లేసుకుని వచ్చే బండికి ఎదురొస్తుందట. ఒంటి మీద తెల్లబట్టలు. కాళ్లు నేలకి ఆనవు.

నువ్వు చూశావా అని అడగండి, ఎవడూ చూడలేదు. మా బావమరిది స్నేహితుడు చూశాడంటాడు ఒకడు. వాళ్ల మేనమామ చూశాడంటాడు ఇంకొకడు. చూసినవాడెప్పుడూ పక్క వీధిలోనే ఉంటాడు.

అలాంటిది, ఒకాయన చూశానన్నాడు. అదీ టీ కొట్టు దగ్గర కాదు. కోర్టులో, బోనులో నిలబడి, జడ్జిగారి మొహంలోకి చూస్తూ చెప్పాడు.

ఆ మాట విని కోర్టంతా నవ్వింది. అందరికంటే ముందు నవ్వినావిడ డ్రిల్ టీచరు.

ఆవిడ నవ్విందంటే ఆవిడ తప్పు కాదు. మోకాలు నుజ్జయింది ఆవిడది. అంతకుముందు ఆవిడ విజిల్ ఊదితే స్కూలు మొత్తం గీత గీసినట్టు నిలబడేది. పిల్లలతో సమానంగా పరిగెత్తేది. ఇప్పుడు మైదానం అంచున కుర్చీ వేసుకుని, చంకలో కర్ర పెట్టుకుని, కూర్చున్నచోటు నుంచే విజిల్ ఊదుతోంది. కాలికి ఇంకో ఆపరేషన్ అయితే తప్ప సరిగ్గా నడవలేదన్నారు డాక్టర్లు. కూర్చుని డ్రిల్ చెప్పే టీచరు మాకెందుకని స్కూలువాళ్లు అప్పటికే సణుగుతున్నారు. ఆవిడ ఆశలన్నీ కాలికి పరిహారం కోరి వేసిన ఆ కేసు మీదే ఉన్నాయి.

ఇంతకీ జరిగిందేమిటంటే — ఆ రోజు స్కూల్లో ఆటల పోటీలు. అన్నీ ముగిసేసరికి బాగా చీకటి పడింది, సన్నగా తుంపర. స్టాండులో డ్రైవరుగా ఉన్న ఆవిడ తమ్ముడు టాక్సీ తీసుకుని వచ్చాడు. నల్ల కారు. తనది ముదురు నీలం చొక్కా, స్టాండు డ్రైవర్లందరూ వేసుకునేదే. ఆవిడ ముందు సీట్లో, ఎడమవైపు కూర్చుంది. పొద్దుట్నుంచీ ఎండలో నిలబడిన ఒళ్లు... ఊరు దాటకముందే కళ్లు మూతలు పడ్డాయి.

కళ్లు తెరిచేసరికి ఆస్పత్రి.

కాటా మలుపు దగ్గర ఎడమవైపు నుంచి ఒక చిన్న రోడ్డొచ్చి కలుస్తుంది. ఆ రోడ్డులోంచి వచ్చిన కారు నేరుగా ఆవిడ వైపు తలుపుని గుద్దేసింది. నడిపింది ఒక మందుల కంపెనీ మనిషి. షాపు షాపుకీ తిరిగి మందులు అమ్మే ఉద్యోగం. స్టీరింగుకి తల కొట్టుకుని ఆయనా స్పృహ తప్పాడు. ఆయన్ని ఒక ఆస్పత్రికి, వీళ్లని ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నది కోర్టులోనే.

ఆవిడ లాయరు మొదటిరోజే విడమరిచి చెప్పాడు.

"చూడమ్మా, కోర్టులో తప్పుకి కూడా వాటాలేస్తారు. ఇందులో ఆయన వాటా ఎంత, మీ తమ్ముడి వాటా ఎంత అని. పక్క రోడ్డులోంచి వచ్చేవాడు ఆగి, చూసి, అప్పుడు ఎక్కాలి పెద్ద రోడ్డు. ఆగాను, చూశాను, ఏ బండీ కనపడలేదంటున్నాడాయన. మీ కారుకి లైట్లు లేవంటున్నాడు. అది నిజమైతే తప్పు మీ తమ్ముడిది. లైట్లు వెలిగి ఉంటే తప్పంతా ఆయనది. మొత్తం కేసు ఈ ఒక్క దాని మీదే నిలబడింది."

"వెలిగే ఉన్నాయండీ," అన్నాడు తమ్ముడు వెంటనే.

ఆ రాత్రి ఇంట్లో, అన్నం తిన్నాక, ఆవిడ మెల్లగా అడిగింది.

"నిజంగానే వెలిగి ఉన్నాయిరా?"

"నీ మీద ఒట్టు అక్కా."

"నేను నిద్రపోయాను కదరా."

"నాకు తెలుసుగా... నువ్వు కూడా చూశానని చెప్పు. ఇద్దరం చెబితేనే నిలబడుతుందట. ఉన్నదే కదక్కా చెబుతున్నాం."

ఆవిడ ఇంకేం ఆలోచించలేదు. ఎందుకాలోచిస్తుంది? తల్లి పోయినప్పుడు వాడికి సరిగ్గా మాటలు కూడా రాలేదు. స్నానం చేయించింది తను, బడిలో చేర్చింది తను. మైదానంలో చేతులు చాపి నిలబడి, విజిల్ ఊది, రారా అని పరుగు నేర్పింది కూడా తనే. ఇప్పుడు వాడే కదా తనని రెండు చేతులా ఎత్తి మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి మార్చింది. కాలు కదిలిస్తే నొప్పని రాత్రంతా పాదం దగ్గర కూర్చున్నాడు. కన్నకొడుకు కూడా అంత చెయ్యడని నర్సులు చెప్పుకున్నారు. అలాంటివాడు తలమీద చెయ్యిపెట్టి ఒట్టేస్తే నమ్మకపోతే ఎలా?

బోనెక్కి చెప్పేసింది. "లైట్లు వెలుగుతున్నాయండీ. నేను రోడ్డు చూస్తూనే ఉన్నాను."

తర్వాత మందులాయన వంతు వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంటాడు మనిషి. లైసెన్సు లాక్కున్నారు కాబట్టి మందుల సంచీ భుజాన వేసుకుని బస్సుల్లో తిరుగుతున్నాడు. ఆ సంచీతోనే బోనెక్కాడు.

"కారు కనపడలేదండీ... ఆగాను, రెండువైపులా చూశాను. చీకటి. కదిలాను. నా లైట్లు రోడ్డు మీద పడ్డాయి... అప్పుడు కనపడింది."

"ఏం కనపడింది?"

ఆయన సంచీ భుజం మీంచి దించాడు.

"ఒకావిడండీ. తెల్లబట్టలు. గాల్లో కూర్చుని ఉంది... కింద ఏమీ లేదు. కళ్లు మూసుకుని ఉంది. మెడ దగ్గర ఏదో మెరిసింది."

అదిగో, అప్పుడు నవ్వారు. ఆయన లాయరే తల పట్టుకుని, ఇంక చాలు దిగండి అన్నాడు. మెడలో మెరిసిందంటే నగేనని, పెళ్లి కాబోతూ పోయిన మనిషని ఆ సాయంత్రానికల్లా టాక్సీ స్టాండులో కథకి కొత్త ముక్క అతికింది. డ్రిల్ టీచరుకి నవ్వు, ఆ వెనకే ఒళ్లుమంట. నా కాలు విరగ్గొట్టి, ఇప్పుడు దెయ్యం మీదకి నెడతాడా?

కోర్టు వరండాలో మందులాయన బెంచీ మీద నుంచి లేచి ఆవిడకి చోటిచ్చాడు. కాసేపు నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా... ఆ రోజు మీ కారులో ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు," అంది ఆవిడ, మొహం తిప్పుకుని. ఆయన సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు.

తీర్పుకి ముందు ఇంకొక్క వాయిదా మిగిలింది. మనదే కేసు అన్నాడు లాయరు.

ఆ వాయిదాకి కొద్దిరోజుల ముందు జరిగింది అసలు సంగతి.

మళ్లీ ఆటల పోటీలొచ్చాయి. ఏడాది తిరిగిందన్నమాట. ఆవిడ కుర్చీలో కూర్చునే అన్నీ జరిపించింది. చీకటి పడ్డాక తమ్ముడొచ్చాడు. అదే కారు, బాగుచేయించాడు. ప్రమాదం జరిగాక వాడు కాటా రోడ్డు తొక్కలేదు. ఎంత దూరమైనా చుట్టుతిరిగే తీసుకెళ్లేవాడు. అక్కకి ఆ చోటు చూస్తే బాధ అని చెప్పేవాడు స్టాండులో. ఆవిడకి అదీ ముద్దుగానే ఉండేది.

ఆ రాత్రి చుట్టుదారి మూసేశారు. పైపులు వేస్తున్నారట, రోడ్డంతా తవ్వి పెట్టారు.

"పొద్దున్న వెళ్దాం అక్కా. ఇవ్వాళ్టికి స్కూల్లోనే పడుకో," అన్నాడు తమ్ముడు.

"బెంచీల మీదా? ఈ కాలుతోనా? పోనివ్వరా... ఏం చేస్తుంది మలుపు?"

కారు తిప్పాడు. కాటా రోడ్డెక్కించాడు.

ఊరి దీపాలు వెనకబడ్డాయి. రోడ్డుకి అటూ ఇటూ ఒక్క ఇల్లు లేదు. కారు లైట్లు పడినంత మేరే లోకం, ఆ పక్కనంతా నలుపు. ఈసారి ఆవిడకి నిద్ర రాలేదు. కాలు సలుపుతోంది. మోకాలి మీద చెయ్యి వేసుకుని ముందుకే చూస్తోంది.

దూరంగా... గది.

లైట్లు పడి అద్దం ఒక్కసారి మెరిసింది. ఎవరో కన్ను తెరిచినట్టు.

తమ్ముడు ఊపిరి బిగబట్టాడు. ఆవిడకి వినపడింది — ఊపిరి ఆగడం కూడా వినపడుతుంది, పక్కన కూర్చుంటే. వీడికీ భయమే పాపం, అనుకుంది.

అప్పుడు...

టక్.

చిన్న చప్పుడు. ఆ వెంటనే రోడ్డు మాయమైపోయింది. గది లేదు, అద్దం లేదు. కారు చీకట్లో పోతూనే ఉంది, ఇంజను చప్పుడు ఒక్కటే.

ఆవిడ నోరు తెరిచింది. అంతలోనే...

ఎడమవైపు నుంచి, చిన్న రోడ్డులోంచి, వెలుగు కొట్టింది. ఏదో వ్యాను. ఆ వెలుగు కిటికీలోంచి వచ్చి సగం ఒంటి మీద పడింది. ఆవిడ కళ్లు చిట్లించుకుని ఎదురుగా చూసింది —

అద్దంలో ఒకావిడ ఉంది.

తెల్లబట్టలు. గాల్లో కూర్చుని ఉంది. కింద సీటు లేదు, చుట్టూ కారు లేదు. నల్లటి నలుపులో ఆ ఒక్క తెల్లటి మనిషే. మెడ కింద ఏదో తళుక్కున మెరిసింది.

డ్రిల్ టీచరు సీటుకి అతుక్కుపోయింది. చెయ్యి దానంతటది గొంతు మీదకి పోయింది.

అద్దంలో ఆవిడ కూడా చెయ్యెత్తి గొంతు పట్టుకుంది.

వేళ్లకి చల్లగా తగిలింది... విజిల్.

వ్యాను కీచుమని బ్రేకు వేసి ఆగింది. దాని హారను వెనక్కి, వెనక్కి పోయింది. కారు మలుపు దాటేసింది. మళ్లీ టక్ మంది. లైట్లు వెలిగాయి. తడి లేని రోడ్డు, పక్కన గడ్డి, మైలురాయి, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. తమ్ముడు బిగబట్టిన ఊపిరి వదిలాడు. స్విచ్చు మీద నుంచి చెయ్యి తీసి, ఏమీ జరగనట్టు గేరు మీద వేశాడు.

నిజం చెప్పాలంటే, తనేం చేశాడో వాడికే తెలీదు. అలవాటైన చెయ్యి. మనం గుమ్మం దగ్గర చెప్పులు విప్పినట్టు, చేసేసింది.

ఆవిడ విజిల్ నోట్లో పెట్టుకుని ఊదింది.

కారులో ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకోండి. వాడు రెండు కాళ్లతో బ్రేకు తొక్కేశాడు. చిన్నప్పట్నుంచీ ఆ విజిల్‌కి ఆగడం వాడి ఒంట్లో ఉంది.

"అక్కా... ఏమైంది?"

"ఇప్పుడేం చేశావురా?"

"ఏం చేశాను?"

"లైట్లు."

వాడు తన చేతివైపు చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. ఇంజను ఆపాడు.

"ఆ రోజు కూడానా?" అంది ఆవిడ, గుసగుసగా.

వాడు స్టీరింగుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"చెప్పరా."

"స్టాండులో అందరం ఆర్పేస్తామక్కా." వాడి గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. "కొత్తగా చేరినవాడికి ముందు అదే చెబుతారు. మలుపు దాటేదాకా లైట్లార్పి ఊపిరి బిగబట్టాలని... వెలుగు చూపించకపోతే ఆవిడ రాదని. ప్యాసింజర్లకి చెప్పం. రోజూ చేసేదే... ఎప్పుడూ ఏమీ కాలేదు."

"నువ్వెప్పుడైనా చూశావా ఆవిణ్ని?"

"లేదు."

"ఎవడైనా చూశాడా?"

"మందులాయన..." అని ఆగిపోయాడు.

"మందులాయన చూసింది నన్నురా," అంది ఆవిడ. "నిన్నూ, నీ నల్ల కారునీ, నీ నీలం చొక్కానీ చీకటి మింగేసింది. తెల్లబట్టలేసుకుని నిద్రపోతున్న నేనొక్కదాన్నే కనపడ్డాను ఆయనకి. లైట్లు వెలిగి ఉన్నాయని నువ్వు ఒట్టు పెట్టావు కాబట్టి నాకు తట్టనే లేదు. బోనులో నిలబడి నా గురించి చెబుతుంటే నేను నవ్వాను."

"నీకోసమే అక్కా... లైట్లార్పానని చెబితే నా లైసెన్సు పోతుంది, స్టాండులో అందరి మీదా పడతారు. ఆయన మీదైతే నీ కాలికి పరిహారం వస్తుంది. ఎవరు ఇస్తే ఏంటి అనుకున్నాను."

ఆవిడకి ఏడుపు రాలేదు. ఏడుపు వస్తే బాగుండేది. ఆస్పత్రిలో వాడు పాదం దగ్గర కూర్చున్న రాత్రులన్నీ గుర్తొచ్చాయి. అప్పుడంతా వాడికి తెలుసు. తను నొప్పితో మూలుగుతూ ఆ మందులాయన్ని తిట్టిపోస్తుంటే, పక్కనే కూర్చుని, తల ఊపుతూ విన్నాడు.

"కాటా దగ్గర ఉందో లేదో తెలీని దెయ్యానికి భయపడ్డావు," అంది. "నా మీద దొంగ ఒట్టు పెట్టడానికి మాత్రం భయం వెయ్యలేదు నీకు."

వాడు స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. తర్వాత కారు తీసి ఇంటికి పోనిచ్చాడు.

మర్నాడు ఆవిడ లాయరు దగ్గరికి ఒంటరిగా వెళ్లింది. అంతా విని ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఈ మాట బయటపెడితే కేసు తలకిందులవుతుందమ్మా. తప్పు మీ తమ్ముడి మీదకొస్తుంది. మీ కాలికి పరిహారం కావాలంటే మీరు కేసు వెయ్యాల్సింది అతని మీద. పైగా మీరు బోనులో అబద్ధం చెప్పారు, దానికి వేరే చిక్కు. ఇంకొక్క వాయిదా... నోరు మూసుకుని కూర్చుంటే గెలుస్తారు."

"గెలిచి ఆ విజిల్ ఎలా ఊదమంటారండీ పిల్లల ముందు?" అంది.

వాయిదా రోజు వచ్చింది. అంతకుముందు ప్రతిసారీ ముదురు రంగు బట్టల్లో వచ్చేది కోర్టుకి. ఆ రోజు స్కూలు నుంచి నేరుగా వచ్చింది — తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, మెడలో విజిల్. కర్ర టకటకలాడించుకుంటూ తలుపులోంచి లోపలికి అడుగుపెట్టింది. వెనకనుంచి ఎండ పడుతోంది.

బెంచీ చివర కూర్చున్న మందులాయన తలెత్తాడు.

ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. ఒళ్లోంచి సంచీ జారి, మందు డబ్బాలు నేలమీద దొర్లాయి. మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ఈవిడేనండీ," అన్నాడు. మెల్లగానే అన్నా, అందరికీ వినపడింది. "గాల్లో కూర్చున్నది... ఈవిడే."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అవునండీ, నేనే," అంది డ్రిల్ టీచరు. బోను దాకా నడిచి, దాని అంచు పట్టుకుని నిలబడింది. "లైట్లు ఆర్పింది మా తమ్ముడండి. చూడకుండానే చూశానని చెప్పింది నేను. ఈయన చూసింది మాత్రం నిజం."

జడ్జిగారు ఆవిడకి చీవాట్లు పెట్టాల్సినవన్నీ పెట్టారు. ఆవిడ తలవంచుకుని పడింది. మందులాయనకి లైసెన్సు తిరిగొచ్చింది. తమ్ముడిది పోయింది. కాలి సంగతి... ఆ కేసు ఇప్పుడు తమ్ముడి మీద, అదే కోర్టులో, అలా నడుస్తూనే ఉంది. ఆ రోజు బయటికొచ్చాక వాడు వరండాలో చెయ్యి అందించాడు, మెట్లు దిగడానికి. ఆవిడ కర్ర ఆనించుకుని, పక్క గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ తనే దిగింది.

ఇంత జరిగాక స్టాండువాళ్లు మారారనుకుంటున్నారా? ఎక్కడ మారతారు. ఇప్పటికీ ఆ మలుపు దగ్గర లైట్లార్పేస్తున్నారు. అదేంటయ్యా, అది డ్రిల్ టీచరని తేలిపోయింది కదా అంటే, మరి కోర్టులో చూశానని చెప్పాడా లేదా అని మనల్నే ఎదురడుగుతారు.

తమ్ముడు మాత్రం ఆ వైపు పోడు. ఓసారి తప్పక ఎవరి బండిలోనో ఎక్కి వెళ్లాడట. లైట్లు ఆర్పొద్దని ఆ డ్రైవరుని కాళ్లావేళ్లా పడి బతిమాలాడట. మలుపు దగ్గర లైట్లు అద్దం మీద పడగానే అటు ఒక్కసారి చూసి, రెండు చేతులా కళ్లు మూసుకున్నాడట.

ఏం కనపడిందని అడిగారు స్టాండులో.

"అక్క," అన్నాడు. "విజిల్ నోట్లో పెట్టుకుని ఉంది... ఊదడం లేదు."

అక్క ఆ సమయానికి తన ఇంట్లో, తలుపు గడియ వేసుకుని, కాలు చాపుకుని నిద్రపోతోంది.